112కు ఫోన్ చేస్తే మన గుమ్మం దొరకాలంటే: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

అత్యవసర కాల్ వ్యవస్థ పాత టెలిఫోన్ లైన్ల నుంచి ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే ఐపీ నెట్‌వర్కులోకి, గోడకు వేలాడే పటం నుంచి డిజిటల్ మ్యాపులోకి మారుతోంది. దాంతో ఫోన్ ఎత్తడం, బండిని కదిలించడం వేగమయ్యాయి. ఆలస్యం ఎక్కువగా మిగిలింది "ఎక్కడ?" అన్న మాట దగ్గరే. ఫోన్ చేసేవాళ్లకు, పంచాయతీ, సచివాలయ సిబ్బందికి, కంట్రోల్ రూముల్లో నెట్‌వర్కు, మ్యాపు పనులు చూసేవాళ్లకు పనికొచ్చే జవాబులు కింద ఉన్నాయి.

112, 108, 100, 101... దేనికి చేయాలి?

ఏదీ గుర్తురాకపోతే 112 చేయండి. పోలీసు, ఫైరు, అంబులెన్సు మూడింటికీ దేశమంతా అదే నంబరు. ప్రాణం మీదికొచ్చిన వైద్య అవసరమైతే నేరుగా 108కి చేయండి, మధ్యలో ఒక బదిలీ తగ్గుతుంది. 108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మన పల్లెల్లో ముసలివాళ్లకూ నోటికొచ్చిన నంబరది, దాన్ని మానుకోనక్కర్లేదు. తుఫాను, వరదల్లో జిల్లా కంట్రోల్ రూము 1077. హైవే మీద 1033, రైల్లో 139, సముద్రంలో కోస్ట్‌గార్డ్ 1554.

ఫోన్ చేయగానే నేనెక్కడున్నానో వాళ్లకు తెరమీద కనిపించదా?

కనిపిస్తుంది, కానీ మీరనుకునేంత దగ్గరగా కాదు. ఇక్కడే అందరూ పొరబడతారు.

మామూలు కాల్‌తో పాటు వెళ్లేది మీ ఫోన్ పట్టుకున్న టవర్ ఆచూకీ. టవర్ చుట్టూ ఉన్న ప్రాంతాన్ని సాధారణంగా మూడు సెక్టార్లుగా, ఒక్కోటి 120 డిగ్రీలుగా పంచుతారు. పల్లెటూరి టవర్ 5 కిలోమీటర్లు అందుతుందనుకుంటే ఒక్క సెక్టారే దాదాపు 26 చదరపు కిలోమీటర్లు. అందులో నాలుగైదు ఊళ్లు, వాటి శివార్లు, మధ్యలో గెడ్డలు ఉంటాయి. సిగ్నల్ వెళ్లిరావడానికి పట్టిన సమయాన్ని బట్టి టవర్‌కు మీరెంత దూరమో కొంత చెప్పొచ్చు. ఆ దూరం 2జీలో సుమారు 550 మీటర్ల మెట్లలో, 4జీలో సుమారు 78 మీటర్ల మెట్లలో తెలుస్తుంది. అయితే అది దూరమే చెబుతుంది, దిక్కు చెప్పదు. కాబట్టి మ్యాపు మీద చుక్క పడదు, వంపు తిరిగిన పట్టీ పడుతుంది.

జీపీఎస్ వేరు. ఆకాశం బాగా కనిపించే చోట స్మార్ట్‌ఫోన్ జీపీఎస్ 5 మీటర్ల దాకా సరిగ్గా చూపగలదు. అత్యవసర నంబరు నొక్కిన క్షణంలో ఫోనే జీపీఎస్, వైఫై, టవర్ల సమాచారం కలిపి, స్థానం లెక్కగట్టి పంపే పద్ధతి 2014లో బ్రిటన్‌లో మొదలైంది. ఆండ్రాయిడ్‌లో దాన్ని ఎమర్జెన్సీ లొకేషన్ సర్వీస్ అంటారు. మన దేశంలో 2025 డిసెంబరులో ఉత్తరప్రదేశ్ దాన్ని మొదటగా 112కు కలిపింది. ఫోన్‌లో ఆ సౌకర్యం ఉన్నంత మాత్రాన చాలదు, అవతల అందుకునే ఏర్పాటు కూడా ఉండాలి. అందుకని "లొకేషన్ వెళ్లిపోయుంటుందిలే" అని ఊరుకోకండి. నోటితో చెప్పండి.

అయితే ఏం చెప్పాలి? ఏ వరుసలో?

ముందు చోటు, తర్వాత సంగతి, ఆ తర్వాత పేరు. లైన్ మధ్యలో తెగినా చోటు చేరిపోయి ఉంటుంది. చాలామంది దీన్ని తిరగేస్తారు. ఏం జరిగిందో రెండు నిమిషాలు చెప్పి, ఊరి పేరు చెప్పేసరికి చార్జింగ్ అయిపోతుంది.

చోటు కూడా పెద్దది నుంచి చిన్నదానికి రావాలి: జిల్లా, మండలం, పంచాయతీ, ఊరు, వీధి, గుర్తు. జిల్లా పేరెందుకు అంటారేమో. ఫోన్ ఎత్తేది రాష్ట్రస్థాయి కేంద్రంలో, మన ఊళ్లో కాదు. కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో కూడా శ్రీకాకుళం అనే ఊరుంది. కొత్తవలస అంటే విజయనగరం జిల్లాలో ఒక మండలం, అదే పేరుతో చిన్న ఊళ్లు వేరే ఉన్నాయి. "వలస", "పేట", "పురం"తో ముగిసే పేర్లు మన వైపు మండలానికి ఎన్నో.

మాట ఇలా నడుస్తుంటుంది:

"రామ్మందిరం దగ్గర బాబూ, తొందరగా రండి."
"ఏ ఊరి రామమందిరం అమ్మా?"
"మా ఊరిదే!"

కంగారులో ఎవరికైనా వచ్చే మాటే అది. అందుకే ఇంట్లో ఫోన్ ఛార్జింగ్ పెట్టే చోట గోడమీద ఒక చీటీ అంటించండి: మండలం, పంచాయతీ, ఊరు, మెయిన్ రోడ్డు మీద మలుపు తిరగాల్సిన చోటు, ఇంటి జీపీఎస్ అంకెలు. పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చినవాళ్లు కూడా చూసి చదివేస్తారు.

కాల్ అయ్యాక ఫోన్ ఖాళీగా ఉంచండి. 108 బండి పైలట్ మళ్లీ చేస్తాడు. ఆ సమయంలో మీరు చుట్టాలకు కబురు చెబుతూ ఉంటే అతను కూడలిలో నిలబడిపోతాడు. అతనికి వాట్సాప్ ఉంటే లొకేషన్ పంపొచ్చు. పంపే ముందు తెరమీద ఎన్ని మీటర్ల తేడా ఉందో చూడండి. 500 అని ఉంటే బయటికొచ్చి అర నిమిషం ఆగితే దిగుతుంది.

జీపీఎస్ అంకెలు ఎలా చదవాలి?

మ్యాప్స్ యాప్‌లో మీరున్న నీలం చుక్క మీద వేలు కాసేపు నొక్కి ఉంచితే రెండు అంకెలొస్తాయి. శ్రీకాకుళం పట్నంలో అయితే 18.29871, 83.89753 లాగా. డేటా లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, కాకపోతే మొదటిసారి ఉపగ్రహాలు దొరకడానికి ఎక్కువసేపు పట్టొచ్చు.

చదివేటప్పుడు ఒక్కో అంకె విడివిడిగా చెప్పండి: "పద్దెనిమిది పాయింట్, రెండు, తొమ్మిది, ఎనిమిది, ఏడు, ఒకటి." పాయింట్ తర్వాత మూడో అంకె 110 మీటర్లకు, నాలుగోది 11 మీటర్లకు, అయిదోది ఒక మీటరుకు లెక్క. నాలుగు చెబితే చాలు, రెండే చెబితే కిలోమీటరు దాకా తేడా.

తప్పులు రెండు రకాలు. ఒకటి, ముందూ వెనకా మార్చడం. 83ని ముందు చెబితే ఆ చుక్క ఆర్కిటిక్ సముద్రంలో పడుతుంది. మన రెండు జిల్లాల్లో మొదటి అంకె 17, 18, 19లో ఒకటి, రెండోది 83 లేదా 84. వేరే ఏదొచ్చినా ఎక్కడో పొరపాటుంది. కంట్రోల్ రూము సాఫ్ట్‌వేర్‌లో ఈ హద్దు పెట్టేస్తే తప్పుడు అంకె టైప్ చేయగానే పట్టేస్తుంది.

రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే తప్పని తెలియదు. కొన్ని ఫోన్లు 18 డిగ్రీల 17 నిమిషాల 55 సెకన్లు అని చూపిస్తాయి. దశాంశంలో అది 18.2986. దాన్ని "పద్దెనిమిది పాయింట్ పదిహేడు" అని చదివితే చుక్క 14 కిలోమీటర్లు దక్షిణానికి జారిపోతుంది. పడవల మీది జీపీఎస్‌లు ఇంకో తీరుగా చూపిస్తాయి: డిగ్రీలు, ఆపైన దశాంశంతో నిమిషాలు. ఎదుటివాళ్లు "డిగ్రీలు" అనగానే "నిమిషాలు కూడా ఉన్నాయా?" అని అడగడం ఫోన్ ఎత్తేవాళ్లకు అలవాటు కావాలి.

డిజిపిన్ చెబితే చాలదా?

తపాలా శాఖ 2025లో తెచ్చిన డిజిపిన్ మంచి ఏర్పాటు. పది అక్షరాల కోడ్, దేశమంతా సుమారు 4 మీటర్ల గడులు. ఇంటి నంబరు లేని చోట బాగా పనికొస్తుంది. కానీ ఫోన్ ఎత్తినవాళ్ల తెరమీద డిజిపిన్ గడి ఉంటేనే దాని విలువ. గోడమీది చీటీలో రాసుకోండి, నోటితో మాత్రం ఊరి పేరే ముందు చెప్పండి.

ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు 112 చేస్తే ఒక్కోసారి ఒడియాలో పలుకుతారెందుకు?

ఫోన్‌కు రాష్ట్ర సరిహద్దు తెలియదు. ఎక్కువ సిగ్నల్ ఎక్కడుంటే అక్కడ తగులుకుంటుంది. గట్టు అవతల ఉన్న టవర్ ఒడిశా సర్కిల్‌ది అయితే 112 కాల్ అటే పోతుంది. పర్లాకిమిడి పక్కనున్న మన ఊళ్లలోనూ ఇదే తీరు. అలా జరిగితే ఫోన్ పెట్టేయకండి. "ఆంధ్రా, శ్రీకాకుళం జిల్లా" అని రెండుసార్లు చెప్పండి. కుదరకపోతే చేతిలో ఉన్న రెండో సిమ్‌తో ప్రయత్నించండి.

కాల్ ఎటు పోవాలో టవర్‌ను బట్టి కాక మనిషి ఉన్న చోటును బట్టి తేల్చినప్పుడే దీనికి అసలైన విరుగుడు. కొత్త తరం ప్రమాణాల్లో ఉన్నది అదే. కాల్‌తో వచ్చిన స్థానాన్ని మ్యాపు సర్వర్‌ను అడుగుతారు: "ఈ చుక్క ఎవరి పరిధిలోది?" పరిధులన్నీ గీతలతో మూసిన ఆకారాలుగా సర్వర్‌లో ఉంటాయి. రెండు ఆకారాల మధ్య సందు మిగిలితే ఆ సందులో ఉన్నవాడి కాల్ ఎవరికీ చెందదు. రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కితే సర్వర్‌కు రెండు జవాబులొస్తాయి. ఆంధ్రా, ఒడిశా ఇద్దరూ తమవేననే కొఠియా గ్రామాల లాంటి చోట హద్దు తగువు ఎప్పుడు తేలుతుందో అని ఆగకూడదు. కాల్ ఎవరు ఎత్తాలో విడిగా ఒప్పందం చేసుకుని, ఆ గీతను మ్యాపులో పెట్టాలి. పాలనా హద్దు వేరు, కాల్ హద్దు వేరు.

మన వైపు 2022 ఏప్రిల్ 4 నాటి జిల్లాల మార్పు కూడా చూసుకోవాలి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరానికి వెళ్లింది, సాలూరు పార్వతీపురం మన్యంలో చేరింది. పాత హద్దులతో ఉన్న ఫైలు ఎక్కడో ఒక కంప్యూటర్‌లో మిగిలిపోతే బండి పక్క జిల్లా నుంచి బయల్దేరుతుంది.

కంట్రోల్ రూమును ఐపీకి మార్చేటప్పుడు ఏ లెక్కలు చూడాలి?

ముందు లైను. ఈ1 అనే పాత డిజిటల్ టెలిఫోన్ లైనులో సెకనుకు 2.048 మెగాబిట్లలో 30 కాల్స్ పట్టేవి. ఐపీ మీద మాటను చిన్న ముక్కలుగా (ప్యాకెట్లుగా) పంపుతారు; అదే నాణ్యతతో అయితే ఒక్కో ముక్క మీద ఉండే చిరునామా భారం కలిపి ఒక్కో కాల్‌కు ఒక్కో దిశలో 87 కిలోబిట్లు, 30 కాల్స్‌కు 2.6 మెగాబిట్లు. మ్యాపు, వీడియో, రికార్డింగ్ అదే తీగ మీద పోతే మాటకు ముందు వరుస ఇవ్వాలి. ఆలస్యం ఒకవైపు 150 మిల్లీసెకన్లు దాటకూడదు, ప్యాకెట్ల నష్టం ఒక శాతం లోపే ఉండాలి.

తర్వాత మనుషులు. గంటకు 60 కాల్స్, ఒక్కోటి 3 నిమిషాలు అనుకోండి. సగటున ముగ్గురు ఎప్పుడూ మాట్లాడుతూనే ఉంటారు. అలాగని నాలుగు సీట్లు చాలవు, ఎందుకంటే కాల్స్ వరుస కట్టి రావు, గుంపుగా వస్తాయి. నలుగురితో దాదాపు సగం మంది 15 సెకన్లకు పైగా ఎదురుచూస్తారు. ఆరుగురుంటే నూటికి 92 మందికి 15 సెకన్లలోపే పలుకుతారు. భోజనానికి, సెలవులకు మనుషులు దీనికి అదనం.

రెండు లైన్లు ఉన్నాయనే ధీమా అన్నిటికన్నా పెద్ద మోసం. ఇద్దరు వేర్వేరు ఆపరేటర్ల నుంచి తీసుకుంటారు, ఇద్దరి ఫైబరూ జాతీయ రహదారి 16 పక్కన ఒకే కాలువలో ఉంటుంది. జేసీబీ ఒక్క దెబ్బకు రెండూ పోతాయి. అగ్రిమెంట్ మీద ఆపరేటర్ పేరు కాదు, ఫైబర్ దారి పటం అడగండి. ఒకటి రోడ్డు వెంట వస్తే రెండోది మైక్రోవేవ్‌తోనో మరో దారిలోనో రావాలి. నెలకోసారి ఒక లైను చేత్తో పీకి చూడాలి.

మొదటి వారాల్లో తరచుగా ఎదురయ్యే రెండు లోపాలు: ఒకవైపు మాటే వినిపించడం, కాల్ సరిగ్గా 32 సెకన్లకు తెగిపోవడం. మొదటిదానికి ఫైర్‌వాల్‌లో మాట వెళ్లే పోర్టులు మూసి ఉండడమో, కాల్‌ను కలిపే సిప్ సందేశాల్లో చిరునామాలను ఫైర్‌వాల్ తనంతట తాను మార్చేయడమో కారణం. ఆ సౌకర్యాన్ని ఆపేయండి. రెండోదానికి, ఎత్తినట్టు పంపిన జవాబుకు అవతలి నుంచి రావాల్సిన ధ్రువీకరణ దారిలో పోవడం కారణం. అది రాకపోతే 32 సెకన్లకు సిస్టమే కాల్ వదిలేస్తుంది. ఇంకొకటి: రికార్డర్, డిస్పాచ్ కంప్యూటర్, బండిలో ట్యాబ్ మూడింటి గడియారాలు ఒకే టైమ్ సర్వర్‌ను చూడాలి. లేకపోతే ఏది ముందు జరిగిందో విచారణలో తేలదు.

మా ఊరు మ్యాపులో ఉంది కదా. ఇంకేం కావాలి?

ఊరి పేరు ఉండడం వేరు, ఊళ్లోకి దారి ఉండడం వేరు. చాలా మ్యాపుల్లో ఊరి చుక్క రెవెన్యూ గ్రామం నట్టనడుమ పెట్టేస్తారు. మన రెవెన్యూ గ్రామంలో ఊరు ఒక మూల, శివారు మరో మూల, నడుమ వరి పొలాలు. నావిగేషన్ బండిని ఆ పొలానికి దగ్గరగా ఉన్న రోడ్డు దాకా తెచ్చి "చేరుకున్నారు" అంటుంది. చుక్క ఊరి నడుమ కాదు, బండి లోపలికి తిరిగే మలుపు దగ్గర ఉండాలి. శివారుకు దాని పేరుతోనే వేరే చుక్క ఉండాలి.

రోడ్డు గీతలు ఒకదాన్నొకటి తాకినట్టు కంటికి కనిపిస్తాయి, పెద్దది చేసి చూస్తే మీటరు ఎడం ఉంటుంది. కంప్యూటర్‌కు అది దారి కాదు, చుట్టూ తిప్పుతుంది. దానికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది: గెడ్డ మీద కాజ్‌వేని మామూలు రోడ్డుగా గీస్తారు. నాగావళి, వంశధార పొంగినప్పుడు అది మునిగిపోతుంది, మ్యాపు మాత్రం అటే పొమ్మంటుంది. రైల్వే గేటు, రైలు వంతెన కింద ఎత్తు కమ్మీ, వీధి చివర కట్టిన అరుగు: బండిని ఆపేవన్నీ మ్యాపులో ఉండాలి.

పేర్లు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయండి, జనం పిలిచే పేరు కూడా చేర్చండి. రికార్డులో ఒక పేరు, నోట్లో మరో పేరున్న వీధులు మన దగ్గర కొల్లలు. ఇంగ్లిష్‌లో "వలస"ను రెండు మూడు రకాలుగా రాస్తారు కాబట్టి స్పెల్లింగుతో కాకుండా కేంద్ర ప్రభుత్వ గ్రామ కోడ్‌తో కలపండి.

మా పంచాయతీ మ్యాపు మేమే సరిచేసుకోవాలంటే?

ఇద్దరు మనుషులు, ఒక బైకు, రెండు ఫోన్లు, ఒక పవర్‌బ్యాంకు, ఒక నోటుపుస్తకం చాలు. ముందురోజు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ యాప్‌లో మండలం మొత్తం దించుకోండి. బయల్దేరే ముందు ఆరుబయట రెండు నిమిషాలు నిలబడి జీపీఎస్ కుదురుకోనివ్వండి. మెయిన్ రోడ్డు మలుపు, ప్రతి వీధి మొదలు, చివర, బడి, సచివాలయం, నీళ్ల ట్యాంకు, గుడి, చర్చి, అంగన్‌వాడీ, చెరువు గట్టు... ప్రతిచోట బండి దిగి, పది సెకన్లు ఆగి చుక్క పెట్టండి. నడుస్తున్న బైకు మీంచి పెట్టిన చుక్క పక్క వీధిలో పడుతుంది. మూడు మీటర్ల కన్నా సన్నగా ఉన్న వీధులు విడిగా రాసుకోండి, అక్కడ స్ట్రెచర్ ఎక్కడి నుంచి మోయాలో కూడా.

గూగుల్‌లో ఒకలా, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మరోలా, కంట్రోల్ రూము మ్యాపులో ఇంకోలా ఉంటే మూడూ సరిచేయాలి. ఒకచోట దిద్దితే మిగతావి వాటంతటవి మారవు. చివరికి జాబితాను జిల్లా పోలీసు కంట్రోల్ రూముకు, 108 జిల్లా అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఉద్దానంలో ఇళ్లు తోటల్లో ఉంటాయి. ఉపగ్రహ చిత్రంలో కనిపించవు కదా?

అవును, అదే చిక్కు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు పైనుంచి చూస్తే కొబ్బరి, జీడి, పనస ఆకులే తప్ప పైకప్పు కనబడదు. చిత్రం చూసి ఆఫీసులో గీసిన మ్యాపులో ఆ ఇళ్లు లేనట్టే. పైగా దట్టమైన ఆకుల కింద జీపీఎస్ కూడా పది ఇరవై మీటర్లు తూలుతుంది. కాబట్టి చుక్క ఇంటి దగ్గర కాక, తోటలోకి బాట చీలే చోట, ఆకాశం కనిపించే దగ్గర పెట్టండి. అక్కడి నుంచి ఇల్లు ఎన్ని అడుగులో, ఏ వైపో రాయండి. కిడ్నీ జబ్బుతో బాధపడేవాళ్లు ఎక్కువగా ఉన్న ప్రాంతమిది. ఈ ఒక్క పని మాత్రం మిగతా అన్నిటికన్నా ముందు జరగాలి.

హైవే మీద, రైలు పట్టాల దగ్గర ఏం గుర్తు చెప్పాలి?

హైవే మీద దగ్గర్లోని కిలోమీటరు రాయి అంకె, దాంతోపాటు ఏ వైపు అన్నది: విశాఖ వైపు వెళ్తున్నారా, ఇచ్ఛాపురం వైపా. మధ్యలో డివైడర్ ఉంది. తప్పు వైపు వచ్చిన బండి మిమ్మల్ని చూస్తూనే దాటిపోయి, మళ్లీ యూటర్న్ దాకా పోవాల్సి వస్తుంది.

పట్టాల దగ్గర కరెంటు స్తంభాలకు నంబరు పలక ఉంటుంది: కిలోమీటరు అంకె, స్తంభం వరుస. 2023 అక్టోబర్ 29 రాత్రి కంటకాపల్లి, అలమండ మధ్య రెండు పాసింజర్ రైళ్లు ఢీకొన్నాయి. అలాంటి చీకట్లో, పొలాల నడుమ, వీధి పేరుతో చెప్పడానికి ఏమీ ఉండదు. ఫోన్ టార్చితో స్తంభం పలక చదివి చెప్పడమే దారి.

తుఫానులో టవర్లు పడిపోతే?

2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు వేల కరెంటు స్తంభాలు కూలాయి. కరెంటు పోయాక టవర్ బ్యాటరీ కొన్ని గంటలే నిలుస్తుంది, తర్వాత డీజిల్ చేరాలి, దారికి అడ్డంగా చెట్లు. అందుకే జిల్లా కేంద్రంలో ఎంత గొప్ప సర్వర్ పెట్టినా తీరమండలాల్లో వీహెచ్‌ఎఫ్ వైర్‌లెస్ సెట్లు, శాటిలైట్ ఫోన్లు తీసేయకూడదు.

మీ చేతిలో ఉన్నవి: తుఫానుకు ముందే మ్యాపు దించుకోండి, పవర్‌బ్యాంకు నింపండి. మీ కంపెనీ సిగ్నల్ లేకున్నా మరో కంపెనీ టవర్ మీదుగా 112 వెళ్లే వీలుంది కాబట్టి ప్రయత్నించండి. విపత్తు వేళ ఇంట్రా సర్కిల్ రోమింగ్ (ఒక కంపెనీ సిమ్ మరో కంపెనీ టవర్ వాడుకునే వీలు) తెరిస్తే సెట్టింగ్స్‌లో నెట్‌వర్కును చేత్తో ఎంచుకోవచ్చు. మాట పోకపోతే ఎస్ఎంఎస్ పంపండి, సన్నటి సిగ్నల్‌లో కూడా దూరిపోతుంది.

సముద్రంలో చేపల వేటకు వెళ్లినప్పుడు?

ఫోన్ తీరం టవర్ల నుంచి కొద్ది దూరం వరకే. ఆపైన వీహెచ్‌ఎఫ్ రేడియోలో ఛానల్ 16, లేదా ఇస్రో తయారుచేసిన, ఆపదలో సంకేతం పంపే డిస్ట్రెస్ అలర్ట్ ట్రాన్స్‌మిటర్. దాని బటన్ నొక్కితే సంకేతం ఉపగ్రహం మీదుగా చెన్నైలో కోస్ట్‌గార్డ్ కేంద్రానికి చేరుతుంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరంలో "అందింది" అన్న జవాబు పడవకు తిరిగి వస్తుంది. బ్యాటరీ గడువు తేదీ పరికరం మీదే ఉంటుంది, ప్రతి వేట కాలం మొదట్లో చూసుకోండి.

నోరు విప్పలేని పరిస్థితి అయితే?

పవర్ బటన్ వెంటవెంటనే మూడుసార్లు, కొన్ని మోడళ్లలో ఐదుసార్లు నొక్కాలి. కీప్యాడ్ ఫోన్‌లో 5 లేదా 9 నొక్కిపట్టాలి. 112 ఇండియా యాప్, ఎస్ఎంఎస్ కూడా ఉన్నాయి. పొరపాటున నొక్కుకుంటే కట్ చేయకుండా "పొరపాటు" అని చెప్పండి. కట్ చేస్తే వాళ్లు తిరిగి చేయాలి, ఆ సమయం ఇంకొకరిది.

మ్యాపు సరిచేశాం. సరిగ్గా ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

మీ ఊరు ఎప్పుడూ చూడని ఒక డ్రైవరును పిలవండి. పేరు చెప్పకుండా ఒక శివారు ఇంటి చుక్క మాత్రమే అతని ఫోన్‌కు పంపండి. రాత్రి పూట రమ్మనండి, ఎందుకంటే పగలు కనిపించే గుర్తులు సగం రాత్రి కనిపించవు. మీరు వెనక సీట్లో కూర్చుని మాట్లాడకండి. అతను బండి ఆపి, అద్దం దించి, దారినపోయేవాళ్లను "ఇల్లెక్కడ?" అని ఎక్కడ అడిగాడో ఆ చోటు రాసుకోండి. మర్నాడు అక్కడికే వెళ్లి చుక్క పెట్టండి.